ఎడమవైపు చారిది, కుడివైపు నాది

1961 ఏప్రిల్ మొదటి వారంలో నాంపల్లిలోని ఒక ప్రభుత్వ సాంకేతిక శిక్షణ పాఠశాలలో, వడ్రంగం విభాగానికి ఫోర్‌మన్ ఇన్‌స్ట్రక్టరుగా చేరాను. అంతకు ముందు నాలుగేళ్లు అదే శాఖలో మామూలు ఇన్‌స్ట్రక్టరుని. ఫోర్‌మన్ అంటే పాఠం చెప్పడంతో పాటు వర్క్‌షాపులో జరిగే ప్రతి పనికీ సంతకం పెట్టేవాడు. ఆ హోదాకి ఏడాది ప్రొబేషన్ ఉండేది. ఏడాది చివర సూపరింటెండెంటు నా పని బాగుందని రాస్తే ఉద్యోగం ఖాయమవుతుంది, రాయకపోతే పాత కుర్చీలోకి వెనక్కి వెళ్లాలి.

మా సూపరింటెండెంటు విఠల్‌రావు గారు. హైదరాబాదులో తరతరాలుగా ఉన్న కుటుంబం వారిది. నేను చేరిన మూడో రోజే నన్ను వెంటబెట్టుకుని ఆబిడ్స్ వెనక సందులో ఉన్న ఒక పాత బంగళాకి తీసుకెళ్లారు. ఆ బంగళా ఆవరణ అంతకు కొద్దికాలం ముందే మా పాఠశాల కింద చేరింది. వెనక ఉన్న గుర్రాలశాలను ఖాళీ చేసి డ్రాయింగు హాలు కట్టాలి. తాళం తీయించి, లోపల గోనెపట్టాలు కప్పిన ఒక పెద్ద ఆకారాన్ని చూపించారు.

"గిదేందో జర చూడున్రి. మీరు సముద్రం దిక్కు నుంచి వచ్చినోళ్లు గదా, మీకే తెలుస్తది" అన్నారు.

మాది నరసరావుపేట దగ్గర. మా ఊళ్లో తాగే నీటికే మైలున్నర నడవాలి. నేను సముద్రం మొదటిసారి చూసింది ఇరవయ్యో ఏట, అదీ ఒక పెళ్లికి బందరు వెళ్లినప్పుడు. ఆ మాట చెప్పవలసింది, చెప్పలేదు. కొత్త హోదా, మూడో రోజు. "అలాగేనండి" అన్నాను.

పట్టాలు లాగితే కింద పడవ ఉంది. పద్దెనిమిది అడుగుల తెరచాప పడవ. దుమ్ములోనే అలా చూస్తూ నిలబడిపోయాను. నేను పన్నెండేళ్లుగా చేసినవన్నీ తలుపులు, కిటికీలు, బల్లలు, బీరువాలు. మా విద్య అంతా మూలమట్టంతో మొదలై మూలమట్టంతోనే ముగుస్తుంది. ఈ పడవలో ఎక్కడా మూలమట్టం ఆనే చోటు లేదు. ఒక్కొక్క టేకు పలక ముందు కొసన నిలువుగా లేచి, నడుమ పక్కకి పరుచుకుని, వెనక మళ్లీ ఒరుగుతోంది. పై అంచు చుట్టూ నల్లటి జిట్రేగి కట్టెతో చేసిన పట్టీ, దాని మీద ఇత్తడి కొక్కేలు. లోపల పక్కటెముకల్లా వంగిన కొయ్యలకి పలకల్ని రాగి మేకులతో బిగించారు. ఆ కొయ్యల పక్కన ఎవరో పెన్సిలుతో వేసిన అంకెలు ఇంకా కనబడుతున్నాయి. ఎవరు చేశారో, ఏ రేవులో చేశారో తెలియదు. మా డెడ్ స్టాక్ రిజిస్టరులో, అంటే వాడితే అయిపోని సామాను ఎక్కించే పుస్తకంలో, "చెక్క పడవ, ఒకటి" అని మాత్రమే ఉంది.

విఠల్‌రావు గారి లెక్క సూటిగా ఉంది. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు ఉండరు, వర్క్‌షాపు ఖాళీ. జూన్ మొదటికి పడవని నీళ్లలో నిలబెడితే, హుస్సేన్ సాగర్‌లో యువకులకి పడవ నడపడం నేర్పే ఒక విభాగం తీసుకుంటుంది. నిలబెట్టలేకపోతే పనికిరాని వస్తువుగా రాసేసి, రంపం పెట్టించి, ఆ టేకుని పిల్లల అభ్యాసానికి వాడుకోవాలి.

పనికి నాతో పాటు ఒక్కడే మనిషి, మా టూల్ కీపర్ నర్సింహాచారి. పనిముట్ల గదికి తాళం వేసి, ఉలులూ చిత్రికలూ ఎవరికి ఇచ్చామో రాసుకోవడం అతని పని. రోజుకూలీ ఉద్యోగం. అరవై దాటిన వాడు. ఒకప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర సొంత కార్ఖానా ఉండేదట. బగ్గీలు, టాంగాలు చేసేవాడు. మోటార్లు పెరిగి బగ్గీలు పోయాక కార్ఖానా మూసి మా దగ్గర చేరాడు. వయసులో నాకన్నా పాతికేళ్లు పెద్ద అయినా, అందరూ పిలిచినట్టే నేనూ "చారీ" అని పిలిచేవాణ్ణి.

అతను పడవని చూసిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నేను టేపు తీసి కొలతలు రాసుకుంటుంటే, అతను చెప్పులు విడిచి, పడవ చుట్టూ ఒకసారి తిరిగి, అరచేయి పలకల మీద ఆనించి ముందు నుంచి వెనకదాకా మెల్లగా నడిచాడు. తర్వాత రెండో పక్క. ఒకచోట ఆగి, "సారూ, గీ పలక తర్వాత ఏసిన్రు. చేసినాయన చెయ్యి కాదిది" అన్నాడు. నాకు ఏ తేడా కనబడలేదు. రంగు గీకి చూస్తే ఆ ఒక్క పలకకే మేకుల తలలు వేరుగా ఉన్నాయి.

"నువ్వు ఇంతకుముందు పడవ చేశావా చారీ?" అని అడిగాను.

"నేనేడ చేస్తా సారూ! ఎక్కనన్న ఎక్కలే. కట్టె అయితే ఎరుకే గదా."

పదిహేనేళ్లు పైగా చూరు కింద ఎండిన పడవ అది. పలకలు కుంచించుకుపోయాయి. లోపల కూర్చుని చూస్తే పలకకీ పలకకీ నడుమ వెలుగు గీతలు గీతలుగా కనిపించేది. కొన్ని సందుల్లో పావలా బిళ్ల నిలువుగా దూరేది. తలుపు చెక్కలో సందు వస్తే మేం ఏం చేస్తాం? అదే కట్టెతో సన్నటి బద్ద చెక్కి, జిగురు పూసి, బిగించి, చిత్రిక పడతాం. నేను అదే నిర్ణయించాను. నీటికి లొంగని కొత్తరకం జిగురు పొడి అప్పుడే బజారులోకి వచ్చింది. గన్‌ఫౌండ్రీలో ఒక దుకాణంలో తెప్పించి, కుడివైపు నుంచి మొదలుపెట్టాను.

నాలుగైదు సందులు నింపాక చారి వచ్చి కాసేపు చూశాడు.

"తప్పనుకోకుంటే ఒక మాట సారూ. గంత గట్టిగ బిగిస్తున్రు. నీళ్లు తాగినంక గీ కట్టె యాడికి పోవాలె?"

"నీళ్లు లోపలికి వస్తేనే కదా తాగేది? నీళ్లు రాకూడదనే ఈ పని."

అతను ఊరుకోలేదు. టాంగా చక్రం సంగతి చెప్పాడు. ఎండాకాలంలో చక్రం ఎండి, నడిమి నుంచి అంచుకి పోయే ఆకులు వదులై, ఇనుప పట్టా జారిపోబోతే, టాంగావాడు దాన్ని విప్పి ఒక పగలూ రాత్రీ నీళ్లలో పడేసేవాడట. తీసేసరికి సుత్తి దెబ్బ లేకుండా బిగుసుకునేదట. "గా ఎండిన చక్రానికి గట్టి చీలలు కొడితే, వాన పడ్డనాడు పూఠీ పగుల్తది సారూ" అన్నాడు. పూఠీ అంటే చక్రం అంచుకి వాడే వంపు కొయ్య.

చక్రం వేరు, పడవ వేరు అన్నాను. నాకు కాకినాడలో చదివిన సర్టిఫికెట్టు ఉంది, అతనికి లేదు. ఆ మాట పైకి అనలేదు కాని, మనసులో ఉన్నది అదే.

కుడివైపు పూర్తయ్యేసరికి నెల దాటిపోయింది. ఒక్కొక్క బద్దని సందు వంపుకి తగినట్టు చెక్కడం అంత పని. నునుపు మాత్రం అద్దంలా వచ్చింది. చేతికి ఎక్కడా సందు తగిలేది కాదు, లోపల కూర్చుంటే చుక్క వెలుగు రాదు. ఇంకా ఎడమవైపు మొత్తం ఉంది, చేతిలో పన్నెండు రోజులు ఉన్నాయి. చారి అడిగాడు: "గా దిక్కు నా తీరుగ చేస్త, ఎనిమిది దినాలల్ల అయితది."

గడువు భయంతో ఒప్పుకున్నాను. నమ్మి కాదు. అతను సుల్తాన్ బజార్ నుంచి దీపపు ఒత్తులకి వాడే మెత్తటి నూలు తెచ్చాడు. వదులుగా పేని, సందుల్లో వేలితో నొక్కాడు. సుత్తి ముట్టుకోలేదు. పైన సుద్దపొడి, అవిసెనూనె, కాస్త కొవ్వు కలిపి చేసిన మెత్తటి లప్పం పూశాడు. గోరుతో గుచ్చితే గుంట పడేది. రంగు వేశాక రెండు పక్కలూ ఒకలాగే కనిపించాయి. చివరగా, "నీళ్లలకు దించకముందు మిగిలిన నాలుగు దినాలు తడి గోనెలు కప్పుదాం సారూ, జర తాగుతది" అన్నాడు. కొత్త వార్నిష్ పాడవుతుందని నేను ఒప్పుకోలేదు. పని పూర్తయిందన్న కాగితం మీద రెండు పక్కలకీ కలిపి నా సంతకమే పెట్టాను.

జూన్ మొదటి గురువారం లారీ మీద పడవని ఎక్కించి తీసుకెళ్లాం. ఆబిడ్స్ రోడ్డు మీద జనం ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు. సైకిలు మీద వెళ్తున్న ఒకాయన కాలు నేల మీద ఆనించి, "ఏంది సారూ, మూసీకి మల్ల వరద వస్తున్నదా ఏంది?" అని అరిచాడు. అందరం నవ్వాం. ఆ రోజు నేను నవ్వింది అదే ఆఖరు.

సాగర్ ఒడ్డున ఏటవాలుగా దిగే ఒక చోట విఠల్‌రావు గారు, శాఖ నుంచి వచ్చిన డిప్యూటీ డైరెక్టరు గారు కుర్చీల్లో కూర్చున్నారు. పడవని తాళ్లతో నీళ్లలోకి జార్చాం. ఒక్క క్షణం తేలింది. గుర్రాలశాలలో అంత బరువుగా కనిపించినది, నీటి మీద వేలితో నెడితే కదిలేటంత తేలికైపోయింది. అంతలో ఎడమవైపు పలకల మధ్య నుంచి నీళ్లు సన్నటి తెరలుగా దిగాయి. పావుగంటలో చీలమండ లోతు, అరగంటలో మోకాలి లోతు. పడవ ఎడమకి ఒరిగి, లోతు తక్కువచోట నేలకి ఆనింది. జిట్రేగి అంచు మాత్రం నీటి పైన మిగిలింది. నేను చేసిన కుడివైపు నుంచి ఒక్క చుక్క రాలేదు.

డిప్యూటీ డైరెక్టరు గారు లేచి, పనికిరాదని రాసెయ్యండి అని చెప్పి వెళ్లిపోయారు. విఠల్‌రావు గారు నా వంక చూడకుండా, "సోమవారందాక చూస్త. ఆ తర్వాత రంపమే" అన్నారు.

నేను చారి మీద విరుచుకుపడ్డాను. లారీ డ్రైవరు, కూలీలు, కావలివాడు అందరూ వింటుండగా, "నీ మాట విని కొంప ముంచుకున్నాను. బగ్గీలు చేసుకునేవాడివి నీకెందుకయ్యా పడవలు?" అన్నాను.

అతను నీళ్లలో నడుముదాకా నిలబడి పడవ అంచు పట్టుకుని ఉన్నాడు. "మునగనియ్యున్రి సారూ. తాగనియ్యున్రి. మూడు దినాలు తాగినంక నన్ను తిట్టున్రి" అన్నాడు. గొంతులో కోపం లేదు.

వేరే దారి లేక ఆగాను. శుక్రవారం పొద్దున నీళ్లన్నీ బకెట్లతో తోడి, లోపలి కొయ్య మీద సుద్దముక్కతో గీత గీశాను. నీళ్లు ఆ గీతని అందుకోవడానికి నలభై నిమిషాలు పట్టింది. మళ్లీ తోడాం. సాయంత్రానికి అదే గీతకి రెండు గంటలు పట్టింది. గడియారం తప్పేమోనని కావలివాడి గడియారంతో పోల్చి చూశాను. శనివారం మధ్యాహ్నం తోడాక, సాయంత్రం దాకా నీళ్లు గీతని అందుకోలేదు.

ఆదివారం పొద్దున వెళ్లేసరికి చారి అప్పటికే పడవలో కూర్చుని ఉన్నాడు. అడుగున నీళ్లు లేవు. ఎడమవైపు పలకల మీద వేలు పెట్టి నడిపాను. సందులు ఎక్కడున్నాయో నా వేలికి తెలియలేదు. ఏప్రిల్‌లో పావలా బిళ్ల దూరిన చోట గోరు కూడా దిగలేదు. లోపల నలిగిన నూలు పోగు సన్నగా, గట్టిగా, దాదాపు కట్టెలాగే ఉంది. ఎక్కువైన మెత్తటి లప్పాన్ని పలకలు తామే బయటికి నెట్టేశాయి. అది సందుల వెంట తీగలా వేలాడుతోంది. సుత్తి లేదు, బిగింపు లేదు. పదిహేనేళ్లు ఎండిన కట్టె తన పాత వెడల్పు కొలతని తానే వెతుక్కుని, దగ్గరికి వచ్చి, అక్కడ ఆగింది. చాలాసేపు అక్కడే మోకాళ్ల మీద కూర్చుండిపోయాను. చెక్కతో పన్నెండేళ్లు పనిచేశాను కాని, అది కదులుతుండగా ఎన్నడూ చూడలేదు.

పదకొండు గంటల ప్రాంతంలో కుడివైపు నుంచి కిర్రుమని చప్పుడు మొదలైంది. కొంతసేపు ఆగేది, మళ్లీ వచ్చేది. చారి తల ఎత్తి విన్నాడు. "సారూ, జర ఇవతలికి రాన్రి" అన్నాడు. నేను లేచి రెండడుగులు వేశానో లేదో, పలక విరిచినట్టు పెద్ద చప్పుడైంది. పక్కటెముకలాంటి కొయ్య ఒకటి నడిమికి చీలింది. వెంటనే దాని పక్కది. కుడివైపు నాలుగో పలక రాగి మేకుల్ని పెరుక్కుని వేలెడు మేర బయటికి ఉబికింది. తడికి ఉబ్బిన పలకలకి చోటు లేదు. చోటంతా నా బద్దలు ఆక్రమించుకున్నాయి. జిగురు మాత్రం ఎక్కడా వదల్లేదు. నేను చేసిన పని అంత గట్టిది.

సోమవారం విఠల్‌రావు గారు వచ్చారు. ఒడ్డు మీద నుంచి ఉబికిన పలక చూసి, "గిదేనా మన చారి చేసిన దిక్కు?" అని అడిగారు.

చారి నా పక్కనే ఉన్నాడు. నీళ్ల వైపు చూస్తున్నాడు. గురువారం ఎడమవైపు నుంచి నీళ్లు రావడం అందరూ చూశారు. నేను ఊరుకుంటే చాలు, ఎవరూ మళ్లీ అడగరు. రోజుకూలీ మనిషి, రేపటి నుంచి రావద్దంటే సరిపోతుంది. ఒక్క ఊపిరిసేపు ఊరుకున్నాను కూడా. ఆ మాట దాచను.

"కాదండి. పగిలింది నేను చేసిన వైపు. చారిగారు చేసింది ఎడమవైపు. దిగి చూడండి, చుక్క రావడం లేదు" అన్నాను.

ఆయన్ని గారు అన్నది ఆ రోజే మొదలు. ఆ తర్వాత మరోలా పిలవలేదు.

విఠల్‌రావు గారు ప్యాంటు మడుచుకుని పడవలోకి దిగారు. ఎడమవైపు అరచేత్తో రుద్ది, చెయ్యి తిప్పి చూసుకున్నారు. పొడిగా ఉంది. కుడివైపు చీలిన కొయ్యలు చూశారు. ఆ తర్వాత, "అట్లనే రాసియ్యున్రి" అన్నారు. రాసిచ్చాను. లోపం ఎక్కడుంది, ఎవరిది, సరైన పద్ధతి ఏది, ఎవరు చెప్పారు, నేను ఎందుకు వినలేదు, అన్నీ ఒకటిన్నర పేజీలో రాశాను. దాని మీద నాకు రెండు ఉత్తర్వులు వచ్చాయి. ఒకటి, పడవకి రెండు నెలల గడువు. రెండు, నా ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగింపు.

ఆ రెండు నెలలూ పనిముట్లు అందించింది నేను. పడవని మళ్లీ గుర్రాలశాలకి చేర్చి, బద్దలన్నీ తొలగించి, కుడివైపు సందుల్లో నూలు పెట్టాం. చీలిన కొయ్యలకి బదులు కొత్తవి చారిగారు బగ్గీ కాడికొయ్యలు వంచే పద్ధతిలో చేశారు. దానికి వంచితే విరగని చిరుమాను కట్టె తెప్పించారు. పొడుగాటి రేకు గొట్టంలో కొయ్యని పెట్టి, ఒక కొస నుంచి ఆవిరి పట్టారు. గంట తర్వాత గోనెగుడ్డలతో పట్టుకుని బయటికి తీసి, "ఇప్పుడు జల్ది, ఊపిరి పీల్చుకునేలోపట" అన్నారు. ఇద్దరం చెరో కొస పట్టుకుని నొక్కాం. బొటనవేలంత మందం ఉన్న కొయ్య చేతుల కింద తోలు పట్టీలా వంగి, పడవ ఒంపులోకి ఒదిగిపోయింది. రెండు నిమిషాలు గడిచాక మళ్లీ కొయ్యే. ఎంత లాగినా కదల్లేదు. ఆవిరికి అరచేతులు కమిలినా ఇంకోటి, ఇంకోటి అని నేనే తొందరపెట్టాను.

ఈసారి దించే ముందు వారం రోజులు తడి గోనెలు కప్పాం. వార్నిష్ కొంత తెల్లబారింది. మళ్లీ వేసుకున్నాం.

ఆగస్టులో ఒక మబ్బు పట్టిన ఉదయం, పడవ నడపడం నేర్పే విభాగంలోని శిక్షకుడు, నౌకాదళంలో పనిచేసి వచ్చిన డేనియల్ గారు తెరచాప కట్టారు. ఆయనది విశాఖపట్నం. పడవ రెండు పక్కలా వంగి చూసి, తల ఊపి, మమ్మల్నిద్దర్నీ ఎక్కమన్నారు. చారిగారు ముందు వద్దన్నారు, తర్వాత ఎక్కి అడుగున కూర్చుని రెండు చేతులా అంచు పట్టుకున్నారు. ఒడ్డు దాటగానే గాలి తగిలింది. గుడ్డ బిగిసింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. నేను పడిపోతామనుకున్నాను. అది పడలేదు. అలా ఒరిగి నిలబడి, నీటిని కోసుకుంటూ పరుగందుకుంది. అప్పుడు ఒక్కొక్క పలక ఎందుకలా మెలితిరిగి ఉందో నాకు అర్థమైంది. ఒరిగినప్పుడు నీటికి తగిలే ఆకారం వేరు, నిటారుగా ఉన్నప్పుడు వేరు. చేసినవాడు రెండూ తెలిసి చేశాడు. కాళ్ల కింద కట్టె మొత్తం సన్నగా వణుకుతోంది.

చారిగారు అరచేయి పలకకి ఆనించి ఉంచారు. "పలుకుతున్నది సారూ" అన్నారు. భయంగా ఉందా అని అడిగాను. "ఔ, ఉన్నది. ఇంకో చక్కర్ కొట్టమనున్రి" అన్నారు.

ఆ పడవని ఆ విభాగం చాలా ఏళ్లు వాడింది. చారిగారిని నిపుణ సహాయకుడిగా తీసుకోవాలని నేను రెండుసార్లు రాశాను. నిబంధనల ప్రకారం సర్టిఫికెట్టు లేదని రెండుసార్లూ తిరస్కరించారు. అందుకని ప్రతి ఏడూ కట్టె వంచడం, చక్రం కట్టడం పాఠాలు ఆయనే చెప్పేవారు, టైంటేబుల్‌లో నా పేరు ఉండేది. 1968లో చూపు తగ్గి ఆయనే మానుకున్నారు. నా ప్రొబేషన్ పద్దెనిమిది నెలలకి పూర్తయింది.

ఈ పని నాకు రెండు సంగతులు నేర్పింది. మొదటిది వృత్తికి సంబంధించినది. కట్టెని బల్ల మీద ఉన్నప్పటి కొలతకి కాదు, అది రేపు ఉండబోయే చోటి కొలతకి చెయ్యాలి. ఎండలోకా, వానలోకా, నీళ్లలోకా అని ముందు అడగాలి. ఆ తర్వాత పదిహేనేళ్లపాటు నా దగ్గర చదివిన ప్రతి బ్యాచికీ ఉలి చేతికివ్వక ముందే ఈ ప్రశ్న రాయించాను. రెండోది ఫోర్‌మన్ హోదాకి సంబంధించినది. పని మీద సంతకం పెట్టేవాడు, ఏ పక్క ఎవరు చేశారో కూడా ఆ కాగితం మీదే రాయాలి.